ఒకవైపే అరిగిన పంపు

బెళగావిలో కార్ఖానాలుండే ఉద్యమ్‌బాగ్‌లో వైజయంతి హుద్దార్ వర్క్‌షాపుకి చెడిపోయిన పంపులు రోజూ వస్తూనే ఉంటాయి. కొందరు కారు డిక్కీలో తెస్తారు, కొందరు స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెస్తారు. జొన్నల సంచిలో మూటగట్టి, నెత్తిన పెట్టుకుని, బస్టాండు నుంచి నడిచి తెచ్చింది మాత్రం నీలవ్వ ఒక్కతే. సంచి అడుగునుంచి ఆయిల్ కారి, చెవి వెనకనుంచి మెడ మీదుగా రవిక దాకా దిగింది. బస్సులో కండక్టరుతో పడ్డ గొడవ ఇంకా ఆమె గొంతులో ఆరలేదు.

"ఏంటీ, శవాన్ని తీసుకెళ్తున్నావా అని అడిగాడక్కా ఆ సచ్చినోడు. అవును, మా ఆయన పరువుది, దానికీ టికెట్ కొట్టు అన్నాను," అంటూ సంచిని బల్ల మీద దభీమని పడేసింది.

లేత్ దగ్గరున్న దస్తగీర్ చాచా ఉలిక్కిపడి, "బల్ల విరిగితే నీ మొగుడి పరువుతో అతుకుతామా తల్లీ?" అన్నాడు.

"ఎవరిదమ్మా ఈ పంపు?" అని అడిగింది వైజయంతి.

"మా గౌడది. మా ఊరి పెద్ద ఆసామి బాళాగౌడ నాయికది. షెడ్డు వెనక ఇనప చెత్తలో పడేశాడు. ఏరుకొచ్చాను."

"అంటే చెప్పకుండా తెచ్చావు."

"ఎలాగూ దొంగ ఇల్లే కదక్కా మాది! ఆయన ఆయిల్ దొంగ, నేను పంపు దొంగ. ఏదో ఒకటి చూసి చెప్పు. ఇందులో ఏముందో చూడకుండానే మా ఆయన్ని దొంగన్నారు. నువ్వు చూసి దొంగని చెప్పినా నేను ఓర్చుకుంటాను."

వైజయంతికి యాభై దాటాయి. మెకానికల్ చదివి, పంపులు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చి సొంతంగా ఈ షాపు పెట్టుకుంది. మనిషి మంచిదేగానీ నోటికి తాళం లేదని ఉద్యమ్‌బాగ్‌లో పేరు. యజమాని రాకుండా పంపు విప్పకూడదని ఆమె పెట్టుకున్న నియమం. అదే మాట చెప్పబోయింది. కానీ "చూడకుండానే" అన్న ముక్క ఎక్కడో గుచ్చుకుంది. కుర్చీ లాక్కుని, "కూర్చో. మొదట్నుంచీ చెప్పు," అంది.

నీలవ్వ మొగుడు యమనప్ప తళవార, గౌడ దగ్గర చెరకు ఎత్తే బండి నడుపుతాడు. ట్రాక్టరు ముక్కు కింద ఆయిల్ పంపు బిగించి, ఆ ఆయిల్ ఒత్తిడితో లేచే పెద్ద ఇనప పంజా పైన అమర్చిన బండి అది. కోసిన చెరకును పంజాతో పట్టి ట్రాలీల్లో వేస్తుంది. ఈ సీజనులో ఆ బండికి మూడు పంపులు పోయాయి. కొత్తది వేసిన మొదట్లో పంజా ఎగిరెగిరి లేస్తుంది. తర్వాత్తర్వాత, ఎండెక్కేసరికి సగంలోనే ఆగిపోతుంది. ఇంకొన్నాళ్లకు పొద్దున కూడా లేవదు. మూడో పంపు పోయినప్పుడు గౌడ, పంపులమ్మే ఏజెన్సీవాళ్ల సర్వీసు మేనేజరు కిత్తూర్‌కి ఫోన్ చేశాడు. కిత్తూర్ ట్యాంకులో ఆయిల్ ఫొటో పంపమన్నాడు. ఫొటో చూసి, ఆయిల్ నల్లగా ఉంది, మురికి ఆయిల్ పోశారు, డ్రైవరుని అడగండి అన్నాడు.

"అడగడమంటే అడిగాడా అక్కా? చక్కెర ఫ్యాక్టరీ యార్డులో, చెరకు ట్రాక్టర్లన్నీ వరస కట్టి ఉన్నచోట, చొక్కా పట్టుకున్నాడు. మంచి ఆయిల్ అమ్ముకుని బండిలో చెత్త పోశావు కదరా అన్నాడు. పోలీసులకి పట్టిస్తానన్నాడు. అంతమందిలో ఒక్కడూ నోరు మెదపలేదు. అప్పట్నుంచి మా ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. రొట్టె పెడితే తినడు. తిట్టినా లేవడు. నేను తిడితే లేవని మనిషి కాదక్కా ఆయన!"

వైజయంతి స్పానరు అందుకుంది.

బోల్టులు ఊడదీసి, ముందు మూత లాగి, రెండు పళ్లచక్రాల్నీ బయటికి తీసి గుడ్డ మీద పెట్టింది. వాటికి అటూ ఇటూ ఉండే పలకలను మొదట చూసింది. ఆయిల్లో ఇసుకగానీ ఇనపరజనుగానీ ఉంటే ముందుగా చెప్పేది ఆ పలకలే. చక్రాల కింద చిక్కిన మట్టి వాటిమీద గుండ్రంగా గీతలు గీసేస్తుంది. పిల్లి రక్కినట్టు ఉంటుంది. ఈ పలకలు కాస్త మసకబారాయి, అంతే. గీత ఒక్కటీ లేదు, మొహం చూసుకోవచ్చు.

ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి. ఖాళీ పంపు డొల్లను దీపం కిందికి లాగి, లోపలి గోడమీద వేలు పోనిచ్చింది. ఒకచోట గోరు తటుక్కున దిగబడింది.

"చాచా, ఇటు రా. నీ గోరు పెట్టి చూడు."

దస్తగీర్ చూశాడు. చూసి ఈల వేశాడు.

"ఏంటక్కా? ఏముంది?" నీలవ్వ లేచి నిలబడింది.

"నువ్వూ పెట్టు వేలు. భయపడకు, కరవదు. ఇదిగో, ఈ గోడని చక్రం పళ్లు నాకుతాయి. ప్రతి పంపులోనూ నాకుతాయి, అందులో తప్పేం లేదు. ఒత్తిడి పెరిగినప్పుడు ఆయిల్ చక్రాల్ని అవతలికి నెడుతుంది. ఆయిల్ లోపలికి పీల్చుకునే వైపు గోడకి అవి ఆనుకుంటాయి. అక్కడ సన్నగా ఓ జాడ పడుతుంది. రెండు చక్రాల దగ్గరా సమానంగా, ముందునుంచి వెనకదాకా ఒకే లోతున పడాలి. ఇక్కడ చూడు. ఇంజనుతో తిరిగే చక్రం దగ్గర ముందుభాగంలో గొయ్యి పడింది. వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గి, చివర్న కంపెనీలో తొలిచినప్పటి గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. రెండో చక్రం దగ్గర ఏమీ లేదు. ఆ గొయ్యి కూడా పడాల్సిన చోట లేదు, కిందికి జారి ఉంది."

"అంటే?"

"అంటే షాఫ్టుని బయటినుంచి ఎవరో పట్టుకుని కిందికి లాగుతున్నారు. తిరిగినంతసేపూ లాగుతున్నారు. ఇదిగో, షాఫ్టు కూర్చునే ముందు బుష్, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డైంది. మురికి ఆయిల్ ఒక్క పక్కనే తినదమ్మా. దానికి పక్షపాతం ఉండదు. దొరికిన ప్రతిచోటా తింటుంది."

"మరి ఆయిల్ నల్లబడిందన్నారు?"

"నల్లబడదా? గోడకి గొయ్యి పడ్డాక ఆయిల్ ముందుకి పోకుండా అదే సందులోంచి వెనక్కి జారుతుంది. జారి జారి కాగుతుంది. కాగి నల్లబడుతుంది. పంపు అరిగింది కాబట్టి ఆయిల్ నల్లబడింది. ఆయిల్ నల్లబడి పంపు అరగలేదు!" వైజయంతి గొంతు అప్పటికే లేచింది. "జ్వరమొచ్చి ఒళ్లు కాలుతుంటే, ఒళ్లు వేడి చేసుకున్నావు కాబట్టే జ్వరమొచ్చిందని కొడతారా ఎవరైనా?"

నీలవ్వకి అన్నీ అర్థమయ్యాయో లేదోగానీ, మొగుడు దొంగ కాదన్నది అర్థమైంది. కొంగుతో మొహం తుడుచుకోబోయి, కొంగుకున్న ఆయిలంతా చెంపలకి పులుముకుంది.

వైజయంతి కిత్తూర్‌కి ఫోన్ చేసింది. ఆమె కంపెనీలో ఉన్న రోజుల్నుంచీ ఎరిగినవాడే.

"బాళాగౌడ నాయిక పంపు నా బల్లమీద ఉంది కిత్తూర్. ఇది ఆయిల్ పని కాదు. పంపు సరిగ్గా ఇంజనుకి ఎదురుగా లేదు, పైకి ఉంది. రెండింటినీ కలిపే కప్లింగ్ దాని షాఫ్టుని కిందికి పీకుతోంది. బండి చూడకుండానే చెబుతున్నాను, వెళ్లి కొలిపించు."

అవతల నవ్వు వినిపించింది. "మేడమ్, మీరింకా మారలేదు. నేను ఫొటో చూశాను. కాఫీ డికాషన్‌లా ఉంది ఆయిల్."

"పంపు విప్పావా?"

"విప్పాల్సిన పనేముంది? సీజన్లో ఇలాంటివి ఎన్నొస్తాయో మీకు తెలీదా? అన్నీ విప్పుతూ కూర్చుంటే అయ్యేదేనా? పైగా ఆ డ్రైవర్లు మీకు తెలీదు, అందరూ అంతే."

"నీ దగ్గరికొచ్చిన ప్రతి పంపుకీ ఒకటే జబ్బా? విప్పకుండా రోగం చెప్పడానికి నీకు జీతమెందుకయ్యా, ఫోనుకే ఇవ్వమను!" అని కట్ చేసింది.  ఓ మనిషి చొక్కా పట్టుకునేదాకా వచ్చినా ఈ మహానుభావుడు ఒక్క బోల్టు కూడా విప్పలేదు! "చాచా, డయల్ గేజి సర్దు. రేపు పొద్దున్నే గౌడగారి ఊరు," అంది.

మర్నాడు వ్యాన్‌లో నీలవ్వతో సహా ముగ్గురూ వెళ్లేసరికి బండి చెరకుతోటలోనే ఉంది. కొత్త పంపు, కొత్త డ్రైవరు. పంజా జోరుగా లేస్తోంది. గట్టుమీద మోటారుసైకిలు ఆపుకుని బాళాగౌడ నిలబడ్డాడు. పక్కనే కిత్తూర్. వైజయంతి ఫోన్ చేసిన సంగతి అతను రాత్రి చెబితే, గౌడే రమ్మన్నాడట.

"రండమ్మా రండి. ఇంత దూరం మీకెందుకు శ్రమ? చెరకురసం తాగుతారా?" అన్నాడు గౌడ. నీలవ్వ వైపు చూడనైనా చూడలేదు.

"రసం తర్వాత. ఒక్కసారి ఇంజను ఆపించండి గౌడగారూ."

"బండి బంగారంలా నడుస్తోంది కదమ్మా! ఆయిల్ మారింది, డ్రైవరు మారాడు, జబ్బు కుదిరింది."

"పాత మూడు పంపులూ మొదట్లో ఇలాగే నడిచాయి కదా? ఆపించండి."

ఇంజను ఆగింది. దస్తగీర్ ట్రాక్టరు ముక్కు కింద దూరి, వంకరని కొలిచే గేజిని ఇంజను వైపు కప్లింగ్‌కి బిగించి, సూదిని పంపు వైపు అంచుకి ఆనించాడు. కప్లింగ్‌ని చేత్తో మెల్లిగా తిప్పాడు. రెండూ తిన్నగా ఉంటే కదలకూడని సూది గింగిరాలు తిరిగింది. పైకొచ్చినప్పుడు ఒక మూలకి, కిందికెళ్లినప్పుడు ఇంకో మూలకి.

"ఎంత దారుణంగా ఉందో చూడండి," అంటూ వైజయంతి వంగి, పంపుని మోస్తున్న బ్రాకెట్ మీద గోటితో గీకింది. పచ్చరంగు పెచ్చు ఊడింది. కింద లావాటి వెల్డింగ్ అతుకు బయటపడింది. "ఇదేంటి? దీన్ని ఎప్పుడు అతికారు?"

ఆ కొత్త డ్రైవరు పాపం మంచివాడో అమాయకుడో, "దసరాకి అక్కా. ఊరేగింపులో గౌడగారే నడుపుతూ గేటు స్తంభానికి..." అని, గౌడ కళ్లు చూసి అక్కడే మింగేశాడు.

నీలవ్వ ఒక్కసారిగా చేతులు నడుముకి పెట్టుకుంది. "అదా సంగతి! పండగయ్యాక బండి గొంతు మారింది, ముందు ఏదో మూలుగుతోందని మా ఆయన చెబితే, నోర్మూసుకుని నడపమన్నావుగా! గుద్దింది నువ్వు, వంకర అతికించింది నువ్వు, దొంగ మా ఆయనా?"

"ఏయ్, గొంతు తగ్గించు!"

"నా గొంతు పెంచింది నువ్వే!"

వైజయంతి కిత్తూర్ వైపు తిరిగింది. "ఏమంటావు?"

కిత్తూర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అలైన్‌మెంట్ కూడా ఒక కారణం కావచ్చు మేడమ్. కానీ ఆయిల్ కూడా నల్లగానే ఉంది కదా. రెండూ కలిసి..."

"రెండూ కలవలేదు! పలకలు చూడు. తెచ్చాను, చూడు!" గుడ్డలో చుట్టిన పలకలు తీసి అతని చేతిలో కుక్కింది. "ఎక్కడుంది గీత? చూపించు. ఒక్కటి చూపిస్తే నా షాపు మూసేస్తాను. చూపించలేవు. అయినా ఒప్పుకోవు. ఎందుకంటే ఇది ఆయిల్ కాదంటే ఇంతకుముందు నువ్వు ఆయిలని పంపించేసిన వాళ్లంతా తిరిగొస్తారు. నీకు డ్రైవరు దొంగైతే హాయి. గౌడకీ హాయి. స్తంభాన్ని గుద్దిన మాట ఎవరూ ఎత్తరు. మీ ఇద్దరి సుఖానికి మధ్యలో ఒక మనిషి దొరికాడు!"

కిత్తూర్ పలకలు తిరిగిచ్చి, వేరే సైటుకి వెళ్లాలంటూ కారెక్కాడు.

గౌడ గొంతు సవరించుకుని, మెత్తబడ్డాడు. "సరేనమ్మా. జరిగిందేదో జరిగిపోయింది. యమనప్పని రేపట్నుంచి పనిలోకి రమ్మను. నేనేం మనసులో పెట్టుకోను."

"నువ్వు మనసులో పెట్టుకోవా?" నీలవ్వ నవ్వింది. ఆ నవ్వు చూసి దస్తగీరే ఓ అడుగు వెనక్కి వేశాడు. "ఎవరు ఎవర్ని క్షమిస్తున్నారు గౌడా? యార్డులో అంతమంది ముందు దొంగన్నావు. అక్కడికే వచ్చి కాదని చెప్పు. తర్వాత పని సంగతి."

"ఊరి కావలి కాసుకునే కులపు తళవారోడికి నేను యార్డులో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

వైజయంతి అప్పటిదాకా పంపు గురించే కోపంగా ఉంది. ఆ ఒక్క మాటతో ఆ కోపం కాస్తా మనిషి మీదికి మళ్లింది. గేజి విప్పించి, వ్యాన్‌లో తెచ్చిన పాత పంపు డొల్ల చంకన పెట్టుకుని, "పద నీలవ్వా. ఈయన రాకపోతే మనమే చెబుదాం," అంది.

ముందు ఇంటికెళ్లారు. యమనప్ప నిజంగానే గోడవైపు తిరిగి ఉన్నాడు. నీలవ్వ చెప్పిందంతా వినీ కదల్లేదు. "గౌడ చెప్పాలిగానీ మీరు చెబితే ఏమొస్తుంది?" అన్నాడు గోడతోనే. వైజయంతి గుమ్మంలో కూర్చుని, పంపు డొల్ల అతని వీపు పక్కన నేలమీద పెట్టింది.

"యమనప్పా, నేను చెప్పేది నమ్మొద్దు. ఇందులో నీ గోరు పెట్టి చూసుకో, చాలు."

చాలాసేపటికి అతని చెయ్యి వెనక్కి వచ్చింది. పడుకునే తడిమాడు. వేలు గొయ్యి దగ్గర ఆగింది. మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ తడిమాడు. తర్వాత లేచి కూర్చుని పంపుని ఒళ్లోకి తీసుకున్నాడు. "ముందువైపు," అన్నాడు. "శబ్దం ఇక్కణ్ణుంచే వచ్చేది." లేచి చొక్కా వేసుకున్నాడు. గౌడ పట్టుకుని లాగినప్పుడు ఊడిన రెండు గుండీలూ నీలవ్వ ఇంకా కుట్టలేదు. అలాగే బయల్దేరాడు.

ఫ్యాక్టరీ యార్డులో చెరకు ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డుదాకా వరస కట్టి ఉన్నాయి. డ్రైవర్లు నీడపట్టున కూర్చుని పేకాడుతున్నారు. యమనప్పని చూసి ఒకడు, "ఓహో, ఆయిల్ కంపెనీ ఓనరొచ్చాడు!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

యమనప్ప ఆగిపోయాడు. వైజయంతి ఆగలేదు. తిన్నగా వాళ్ల మధ్యకి వెళ్లి, పేకముక్కల మీద పంపుని పెట్టేసింది. "నవ్విందెవరు? ముందు నీ వేలు పెట్టు ఇందులో."

నిన్న బల్ల దగ్గర నీలవ్వకి చెప్పిందంతా మళ్లీ చెప్పింది. ఈసారి వినేవాళ్లు బండ్లతో బతికేవాళ్లు. పంపు చేతులు మారుతూ పోయింది. ప్రతివాడూ గోరు పెట్టి చూశాడు, ప్రతివాడి గోరూ ఒకేచోట దిగింది. దసరా రోజు స్తంభాన్ని గౌడ గుద్దడం వాళ్లలో సగంమంది కళ్లారా చూసినదే. దాన్నీ దీన్నీ ముడిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే. ఒకడు తల వంచుకుని, "నా బండికీ ఆ కిత్తూరే వచ్చాడు. మురికి ఆయిలన్నాడు. నేను నిజంగానే ఏదో తప్పు చేశానేమో అనుకున్నాను," అన్నాడు. ఇంకొకడు, "మా తమ్ముడికీ అదే మాట చెప్పారు. పని మానేసి ఊరే వదిలిపోయాడు," అన్నాడు.

"అప్పుడెందుకు నోరెత్తలేదురా మీరు?" అంది నీలవ్వ. "ఈయన చొక్కా పట్టుకున్నప్పుడు ఇక్కడే ఉన్నారుగా అందరూ? మీ నోళ్లలో చెరకు పిప్పి కుక్కారా?"

ఇందాక ఎగతాళి చేసినవాడు లేచి, యమనప్ప దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. "గౌడ ఇక్కడికొచ్చి ఆ మాట వెనక్కి తీసుకునేదాకా ఆయన పంజా కింద నా ట్రాలీ పెట్టను," అన్నాడు. "నేనూ పెట్టను," అన్నాడు పక్కవాడు. ఆ మాట వరస పొడుగునా ట్రాక్టరునుంచి ట్రాక్టరుకి పాకింది.

కోసిన చెరకు పొలంలో ఎండిపోతుంటే ఎంతటి గౌడకైనా ఒంటి వేడి దిగుతుంది. పొద్దు వాలకముందే మోటారుసైకిలు యార్డులోకి వచ్చింది. బాళాగౌడ దిగలేదు. బండిమీదే ఒక కాలు నేలకి ఆనించి, అవతలి గోడవైపు చూస్తూ, "యమనప్ప ఆయిల్ తియ్యలేదు. బ్రాకెట్ వంకరగా ఉంది. సరేనా?" అన్నాడు.

"దిగి చెప్పండి గౌడగారూ," అన్నాడెవరో వెనకనుంచి.

"వంకర చేసిందెవరో కూడా," అన్నాడు ఇంకొకడు.

గౌడ మొహం కందగడ్డయింది. దిగాడు. "నేనే," అన్నాడు. "నేను గుద్దాను. తెలీక ఆ మాటన్నాను." చివరి ముక్క సగం పళ్ల మధ్యే ఉండిపోయింది. అయినా అందరికీ వినిపించింది. ఆ తర్వాత యమనప్పని చూసి, కాస్త గట్టిగా, "ఇక రేపొచ్చి బండెక్కు," అన్నాడు.

యమనప్ప అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఎక్కను గౌడా," అన్నాడు. కోపంగా అనలేదు. "ఆ బ్రాకెట్ కోసేసి కొత్తది వేయించండి. లేకపోతే ఇప్పుడున్న కుర్రాడు సీజను చివరికి దొంగవుతాడు."

గౌడ వెళ్లిపోయాడు. డ్రైవర్లు తమ సద్దిమూటలు విప్పి యమనప్పని మధ్యలో కూర్చోబెట్టారు. అతను జొన్నరొట్టెలో శెనగకాయ కారం వేసుకుని తింటుంటే, నీలవ్వ పక్కన నిలబడి, "ఇన్నాళ్లూ నేను చేసిన రొట్టెకేం రోగం? ఊరివాళ్ల రొట్టె దిగుతోందా?" అని మొదలుపెట్టింది. యమనప్ప తలెత్తకుండా ఇంకో రొట్టె అందుకున్నాడు.

వైజయంతికీ ఒక రొట్టె పెట్టారు. సగం తుంచి నోట్లో పెట్టుకోబోయింది. కిత్తూర్ ఈపాటికి ఏ ఊళ్లోనో ఎవరో పంపిన ఫొటో చూస్తూ ఉంటాడన్న సంగతి తట్టింది. రొట్టె పక్కన పెట్టి, ఆ డ్రైవర్ల వైపు తిరిగింది.

"ఇందాక తమ్ముడు ఊరొదిలి పోయాడన్నావే, ఆ బండి పంపు ఎక్కడుంది?"

"వాడి ఓనరు పెరట్లో పడుంది అక్కా."

"తీసుకురా. విప్పుదాం," అంది.